బాస్క్ కార్నివాల్ తేదీ తప్పిపోకుండా

కార్నివాల్ అనగానే చాలామంది ఫిబ్రవరికి టికెట్లు తీసేస్తారు. తీరా స్పెయిన్‌లో బాస్క్ జనం ఉండే నవార్రా కొండల్లోని ఇతురెన్, సుబియేటా ఊళ్లు చేరేసరికి అక్కడ పండగ సాధారణంగా అయిపోయి ఉంటుంది. లెక్క తేలికే. జనవరి చివరి ఆదివారం పట్టుకోండి: మర్నాడు సోమవారం ఇతురెన్‌లో, మంగళవారం సుబియేటాలో. 2027లో ఆ ఆదివారం 31న పడింది కాబట్టి ఫిబ్రవరి 1, 2.

గొర్రెతోలు, రిబ్బన్ల కోసుటోపీ, నడుం వెనక రెండు పెద్ద గంటలతో యోఅల్దునాక్ అనే గంటల వేషగాళ్లు వరసగా నడుస్తారు. అడుగుకో మోత, అందరి గంటలూ ఒక్కసారే. పాత బట్టలే వేసుకోండి, మిగతా వేషగాళ్లు బురద పూసేస్తారు.

నవార్రాలోనే ఉన్న లాంత్స్ ఊరికి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ మియెల్ ఒచిన్ అనే బందిపోటు దిష్టిబొమ్మని తగలబెట్టేది ఈస్టర్‌కి 47 రోజుల ముందొచ్చే మంగళవారం.