ప్రోటాన్ స్పిన్ ఎలా కొలుస్తారు: అమ్మోనియా టార్గెట్ నుంచి అసిమెట్రీ దాకా

1988లో సెర్న్‌లోని ఈఎంసీ (యూరోపియన్ మ్యూవాన్ కొలాబరేషన్) ప్రయోగం రిజల్ట్ బయటపెట్టినప్పుడు అందరూ షాకయ్యారు, ప్రోటాన్ స్పిన్‌లో దాని లోపలుండే క్వార్కుల స్పిన్ వాటా సున్నాకి దగ్గరగా వచ్చింది మరి. తర్వాతి ప్రయోగాలతో అది సుమారు 30 శాతం దగ్గర నిలబడింది. ఈ లెక్కకి ఆధారం అసిమెట్రీ, అంటే బీమ్ స్పిన్ దిశ తిప్పితే టార్గెట్‌ని తాకి చెదిరే ఎలక్ట్రాన్ల సంఖ్యలో వచ్చే తేడా. దాన్ని ఎలా కొలుస్తారో ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్ళకి అందేలా చెప్తాను, అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ లాంటి చోట ఎలక్ట్రాన్ బీమ్‌తో చేసే పద్ధతి తీసుకుందాం.

ముందు బీమ్. గాలియం ఆర్సెనైడ్ ఫోటోక్యాథోడ్ మీద సర్క్యులర్ పోలరైజ్డ్ లేజర్ వేస్తే స్పిన్ ఎక్కువగా ఒకవైపే ఉన్న ఎలక్ట్రాన్లు వస్తాయి, 85 శాతం దాకా పోలరైజేషన్ (స్పిన్‌లు ఒకేవైపు ఉండే మోతాదు) దొరుకుతుంది. పాకెల్స్ సెల్‌తో (వోల్టేజ్ మార్చి లేజర్ పోలరైజేషన్‌ని తిప్పే క్రిస్టల్) హెలిసిటీని, అంటే ఎలక్ట్రాన్ స్పిన్ దాని కదలిక వైపే ఉందా, ఎదురుగా ఉందా అన్నదాన్ని, సెకనుకి చాలాసార్లు తిప్పుతూ ఉండాలి, ఎందుకంటే డిటెక్టర్ మెల్లగా డ్రిఫ్ట్ అయినా అది రెండు వైపులా దాదాపు సమానంగా పడి తీసివేతలో పోతుంది.

అసలు కష్టమంతా టార్గెట్‌లోనే ఉంటుంది. ముందే రేడియేషన్ ఇచ్చి ఉంచిన గడ్డకట్టిన అమ్మోనియా ముక్కల్ని 1 కెల్విన్ దగ్గర, 5 టెస్లా ఫీల్డ్‌లో పెడతారు. అంత చలిలో కూడా ప్రోటాన్లు వాటంతట అవి అర శాతమే పోలరైజ్ అవుతాయి, కానీ రేడియేషన్ వల్ల పుట్టిన జత లేని ఎలక్ట్రాన్లు 99 శాతం పైనే అవుతాయి. 140 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ ఇస్తే ఆ పోలరైజేషన్ ప్రోటాన్లకి ఎక్కి 90 శాతం కూడా దాటొచ్చు. ఫ్రీక్వెన్సీ కొంచెం మారిస్తే చాలు, ఫీల్డ్ ముట్టుకోకుండానే స్పిన్ దిశ తిరిగిపోతుంది, నాకైతే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా అందమైన విషయం ఇదే. బీమ్ పడేకొద్దీ పోలరైజేషన్ పడిపోతుంది, కాబట్టి ఎన్ఎంఆర్‌తో (న్యూక్లియర్ మ్యాగ్నెటిక్ రెజొనెన్స్) దాన్ని చూస్తూ ఉండాలి, బాగా తగ్గితే టార్గెట్‌ని కాస్త వేడి చేసి మళ్ళీ చల్లబరచాలి.

ఇక లెక్క. ఊరికే ఉదాహరణకి, ఛార్జ్ సరిచేశాక ఒక హెలిసిటీలో 10,10,000, రెండోదాంట్లో 9,90,000 ఎలక్ట్రాన్లు డిటెక్టర్‌లో పడ్డాయనుకోండి, తేడాని మొత్తంతో భాగిస్తే 0.01. దీన్నే ఆన్సర్ అనుకోకండి! అమ్మోనియాలోని 17 న్యూక్లియాన్లలో పనికొచ్చేవి 3 ప్రోటాన్లే, చల్లబరిచే హీలియం, కిటికీల రేకులు కూడా కలిస్తే డైల్యూషన్ (మొత్తం లెక్కలో పనికొచ్చే ప్రోటాన్ల నుంచి వచ్చిన వాటా) 0.15 అనుకుందాం. బీమ్ పోలరైజేషన్ 0.85, టార్గెట్‌ది 0.75 అయితే మూడింటి గుణకారం 0.096, దాంతో భాగిస్తే అసిమెట్రీ 0.105 దగ్గర వస్తుంది, స్టాటిస్టికల్ ఎర్రర్ 0.007. అంటే డైల్యూషన్‌లో 5 శాతం తప్పు చేస్తే ఆన్సర్ కూడా 5 శాతం తప్పుతుంది, ఎన్ని రోజులు డేటా తీసినా అది తగ్గదు. అందుకే ఖాళీ టార్గెట్, కార్బన్ టార్గెట్ రన్‌లకి బీమ్‌టైమ్ తప్పకుండా ఉంచుకోండి. లేజర్ దారిలో హెలిసిటీని తారుమారు చేసే హాఫ్‌వేవ్ ప్లేట్ పెట్టి, అసిమెట్రీ గుర్తు మారిందో లేదో కూడా చూడండి, మారకపోతే అది ఫేక్.

న్యూట్రాన్‌కి విడిగా టార్గెట్ దొరకదు, బయట ఉంటే పావుగంటలో డీకే అయిపోతుంది, అందుకే పోలరైజ్డ్ హీలియం-3 గ్యాస్ వాడతారు. అందులో రెండు ప్రోటాన్ల స్పిన్‌లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది ఎక్కువగా న్యూట్రాన్‌దే. వచ్చిన విలువని డ్యూటెరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకం) డేటా నుంచి ప్రోటాన్‌ని తీసేస్తే వచ్చేదానితో పోల్చండి, రెండూ కలవకపోతే ముందు న్యూక్లియర్ కరెక్షన్లనే (న్యూట్రాన్ విడిగా కాక కేంద్రకంలో ఉన్నందుకు చేసే సవరణలు) అనుమానించండి.