చైనీయులు పెద్దలకు కాగితం డబ్బు ఎలా పంపుతారు?

చైనీయుల పంచాంగంలో ఏడో నెల వచ్చిందంటే సింగపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల కింద ఇనుప డ్రమ్ములు దిగుతాయి. పోయిన పెద్దలకు కాగితాలు కాల్చే నెల అది. కాల్చినవి పరలోకంలో వాళ్లకు చేరతాయని నమ్మకం. ఏప్రిల్ 4, 5 తేదీల ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్ పండక్కైతే సమాధుల దగ్గరికే వెళ్లి కాలుస్తారు. నాకు తెలిసిందంతా పక్కింటి అహ్ మా నేర్పిందే. అహ్ మా అంటే హోక్కియెన్ అనే చైనీయుల భాషలో నాయనమ్మ.

ముందు కాగితం కొనాలి. కొట్లో ‘కిమ్ జువా’ అంటే ఇస్తారు. బంగారు రేకు అంటించినవి దేవుళ్లకు, వెండి రేకువి పెద్దలకు. పరలోకంలో చెల్లే హెల్ బ్యాంక్ నోట్లూ ఉంటాయి, వాటి మీద సున్నాలు లెక్కపెట్టలేం. కాగితం కార్లు, ఫోన్లు, చొక్కాలు కూడా దొరుకుతాయి. ‘మా ఆయనకు ఫోను నొక్కడం రాదు’ అని అహ్ మా చొక్కాలే కొంటుంది.

తర్వాత మడత. రేకు పైకి కనబడేలా కాగితాన్ని గొట్టంలా చుట్టి, రెండు చివరలూ లోపలికి నొక్కితే పడవలా వస్తుంది. పాతకాలపు చైనా వెండి కడ్డీ ఆకారం అది. నావి మొదట్లో బజ్జీ పొట్లాల్లా వచ్చేవి. నోట్ల కట్టలు మాత్రం విప్పేయాలి, లేకపోతే మధ్యలోవి కాలవు.

ఇవన్నీ వేసే సంచి మీద పోయినవాళ్ల పేరు రాయాలి. మనం గోత్రం, పేరు చెప్పి పిండం పెట్టినట్టే.

ముందు భోజనం, ఆ తర్వాతే డబ్బు. అన్నం, కోడి, టీ పెట్టి అగరొత్తులు వెలిగిస్తారు. కాసేపాగి రెండు నాణేలు వేస్తారు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే పెద్దలు తిన్నట్టు. రెండూ ఒకేలా పడితే ఇంకాసేపు ఆగాల్సిందే.

ఇక డ్రమ్ములో కొంచెం కొంచెంగా వేస్తూ కాల్చాలి. దిక్కూమొక్కూ లేని ఆత్మలకు కొన్ని విడిగా వేస్తారు, మనవాళ్ల సొమ్ము లాక్కోకుండా. ఒకసారి సరిగా అంటుకోలేదని నేను కర్రతో కెలికితే అహ్ మా కర్ర లాగేసుకుంది. అలా పొడిస్తే అవతల నోట్లు చిరిగి చేరతాయట! పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే నిలబడాలి.

మీరు కాల్చకపోయినా ఆ నెలలో గడ్డి మీద పెట్టిన పళ్లూ అగరొత్తులూ తొక్కకండి. సాయంత్రానికి ఆరేసిన బట్టలు లోపలికి తీసుకోండి, మసి చొక్కాలకు అంటితే ఓ పట్టాన వదలదు.