మీ ఊళ్ళో ఇంటిపన్ను గురించి జనానికి ఎలా చెప్పాలి? సంక్రాంతికి ఇలా చేసి చూడండి

మా కోనసీమ వైపు ఇంటిపన్ను హడావిడంతా మార్చి నెలాఖరులోనే, అప్పటికి చాలా ఇళ్ళకి తాళాలు, మనుషులేమో హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు. అదే సంక్రాంతికైతే అందరూ ఊళ్ళోనే ఉంటారు, సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బులు కూడా చేతిలో ఉంటాయి. అందుకే డిసెంబర్‌లోనే మొదలెట్టండి.

ముందు పంచాయతీ సెక్రటరీ గారిని కలిసి డీసీబీ అడగండి, అంటే డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అని. ఊరి మొత్తం లెక్క చాలు. బాకీ ఉన్నోళ్ళ పేర్లు మాత్రం గోడకి అంటించొద్దు, మా పక్కవీధిలో అలా చేస్తే ఆ ఇళ్ళవాళ్ళు రెండేళ్ళు బిల్ కలెక్టర్‌తో మాట్లాడటమే మానేశారు.

తర్వాత అసలు ప్రశ్నకి రెడీ అవ్వండి, "సెంట్రల్ గ్రాంటు వస్తుంది కదా, మళ్ళీ మేమెందుకు కట్టాలి?" అని కచ్చితంగా అడుగుతారు. ఆ గ్రాంటు ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం కింద 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే పెట్టాలన్నారు, మిగతా 40 శాతం ఊరి అవసరాలకి వాడుకోవచ్చు గానీ అందులోంచి జీతాలు ఇవ్వకూడదన్నారు. ఇది నోటితో చెప్తే ఎక్కదండీ, పండక్కొచ్చిన కుర్రాళ్ళని మంచినీళ్ళ చెరువు గట్టుకి తీసుకెళ్ళండి, ఎండాకాలం కాలవలకి నీళ్ళు ఆపేసేలోపు ఆ చెరువు నింపుకోకపోతే ఊరంతా బిందెలు పట్టుకుని తిరగాలి, నీళ్ళు వడకట్టే ఫిల్టర్ బెడ్ దగ్గర పొద్దున్నే వాల్వు తిప్పే ఆయన్ని చూపించి ఈయన జీతం పంచాయతీ ఎక్కడినుంచి తెస్తుందో అడగండి, వాళ్ళకే అర్థమవుతుంది.

పాత రసీదు ఒకటి చేతిలో పెట్టి చదివించండి. అందులో లైబ్రరీ సెస్సు రూపాయికి 8 పైసలు, అంటే వెయ్యి రూపాయల పన్నుకి 80 రూపాయలు గ్రంథాలయాలకి వెళ్తుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు.

రసీదు ఇంకా తాతగారి పేరు మీదే వస్తుందని కట్టని వాళ్ళుంటారు, వాళ్ళకి పేరు మార్పిడి అప్లికేషన్ అక్కడే రాసిపెట్టండి. పెన్షన్ ఆపేస్తారని ముసలోళ్ళని బెదిరించడం మాత్రం వద్దు, తప్పు.

డబ్బు తీసుకున్న చోటే రసీదు ఇప్పించండి. తర్వాత వచ్చే గ్రామసభలో సెక్రటరీ గారితో కొత్త డీసీబీ చదివించండి, ఏ వీధిలో ఎన్ని బల్బులు వేశారో, ఏ డ్రెయిను పూడిక తీశారో కూడా.