లిమిట్ పోకర్ టేబుల్ దగ్గర కూర్చునే ముందు: చెక్ రైజ్‌కీ ఫోల్డ్‌కీ కొన్ని జాగ్రత్తలు

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి బే ఏరియా నుంచీ లాస్ ఏంజెలెస్ నుంచీ మనవాళ్లు చాలామంది వేగాస్ వెళ్తారు. కొందరు దగ్గర్లోని కాలిఫోర్నియా కార్డ్ రూమ్‌కే వెళ్లి 4-8 లిమిట్ హోల్డెమ్‌లో, అంటే పందెం 4 డాలర్లో 8 డాలర్లో అని ముందే కట్టడి చేసిన పోకర్ ఆటలో కూర్చుంటారు. ఇందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు, అందరికీ కలిపి టేబుల్ మీద ఐదు. సెలవుల్లో సరదాకి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ఒక్కో ఆటలో నలుగురైదుగురు ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) దాకా వస్తారు. మంచి ముక్కలు పడినవాళ్లకి ఎక్కువ డబ్బు వచ్చేదీ, ఎక్కువ డబ్బు పోయేదీ ఇలాంటి టేబుల్ మీదే.

నేను చెప్పదలచుకున్నది ఇది. చెక్ రైజ్ (పందెం వెయ్యకుండా 'చెక్' అని ఊరుకుని, ఇంకొకరు వేశాక దాన్ని పెంచడం) చెయ్యాలా వద్దా అన్నది మీ ముక్కల కన్నా, పందెం వెయ్యబోయే మనిషి ఎక్కడ కూర్చున్నాడన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇక బలమైన ముక్కలు పడెయ్యాల్సి (ఫోల్డ్ చెయ్యాల్సి) వస్తే టర్న్ (టేబుల్ మీద నాలుగో ముక్క) మీదే పడెయ్యాలి. రివర్ (ఐదోదీ ఆఖరిదీ) దాకా లాక్కెళ్లి కాదు.

ముందు డబ్బు సంగతి. 4-8 ఆటకి 200 నుంచి 240 డాలర్లు, అంటే పాతిక ముప్ఫై పెద్ద (8 డాలర్ల) పందేలు, విడిగా తీసి పెట్టుకోండి. పోయినా ఇంటి ఖర్చుకి ఇబ్బంది రాని డబ్బే అయ్యుండాలి. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తియ్యొద్దు, పక్కవాళ్ల దగ్గర అప్పు చెయ్యొద్దు. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక మాట: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. కాబట్టి ఏ యాప్‌లోనూ దీన్ని ప్రయత్నించకండి.

కూర్చోగానే డీలర్‌ని రెండు విషయాలు అడగండి. ఇక్కడ చెక్ రైజ్ ఉందా, ఒక రౌండ్‌లో ఎన్ని రైజ్‌ల దాకా వెళ్లొచ్చు? కార్డ్ రూమ్‌లలో చెక్ రైజ్ మామూలే గానీ, ఇళ్లలో ఆడుకునే ఆటల్లో కొన్నిచోట్ల ఒప్పుకోరు. రైజ్ చేసేటప్పుడు చిప్స్ ముట్టుకోకముందే 'రైజ్' అని నోటితో అనండి. ఏమీ అనకుండా చిప్స్ రెండు విడతలుగా పెడితే దాన్ని కాల్ (ఎదుటివాళ్ల పందేనికి సరిపడా కట్టడం) కిందే లెక్కేస్తారు. ఆలోచిస్తూ వేళ్లతో టేబుల్ మీద కొట్టే అలవాటుంటే మానుకోండి, అది చెక్ అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. 4-8లో ఫ్లాప్‌కి ముందూ, ఫ్లాప్ మీదా పందెం 4 డాలర్లు. టర్న్, రివర్ మీద 8. మీ దగ్గర ఎంత మంచి ముక్కలున్నా పందెం ఒక్క డాలరు కూడా పెంచలేరు. ఎదుటివాళ్లని బయటికి పంపాలంటే వాళ్ల ముందుకి రెండు పందేలు ఒకేసారి వచ్చేలా చెయ్యడమే దారి.

మీరు బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే ఒక పందెం కట్టాల్సిన సీటు) ఉన్నారనుకోండి. ముగ్గురు కాల్ చేశారు, బటన్ మీదున్నతను (ఫ్లాప్ నుంచి ఆఖరి వంతు ఇతనిదే) రైజ్ చేశాడు, స్మాల్ బ్లైండ్ (అలాగే ముందే సగం కట్టే సీటు) తప్పుకున్నాడు, మిగతా అందరూ కట్టారు. కాబట్టి ఫ్లాప్ మీద మొదటి వంతు మీది. ఐదుగురు ఎనిమిదేసి డాలర్లు పెడితే పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 40. స్మాల్ బ్లైండ్ వదిలేసిన చిప్స్ క్లబ్ తీసుకునే సొమ్ముకి సరిపోయాయనుకుందాం. ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది, ఐదు వేర్వేరు రంగుల్లో పడ్డాయి. మీ దగ్గర రాజు ఉంది, అంటే రాజుల జత.

మీరే 4 వేస్తే పాట్ 44 అవుతుంది. తర్వాతి మనిషి 4 కట్టి 44 కోసం ఆడతాడు, అంటే 11 రెట్లు. అతని దగ్గర తొమ్మిది, ఏడు ఉన్నాయనుకుంటే ఆరు పడితే స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు). కనిపించని 47 ముక్కల్లో అతనికి పనికొచ్చేవి నాలుగు, పనికిరానివి 43. 43ని నాలుగుతో భాగిస్తే అతనికి కావాల్సింది 10.75 రెట్లు. మీరు ఇస్తున్నది 11. అతను కాల్ చెయ్యడం తప్పే కాదు!

అదే మీరు చెక్ చేసి, బటన్ 4 వేశాక రైజ్ చేస్తే పాట్ 52 అవుతుంది. మధ్యలో ఉన్న ముగ్గురూ ఒకేసారి 8 కట్టాలి. ఇప్పుడు వాళ్లకి దొరికేది ఆరున్నర రెట్లే. గట్‌షాట్ వాడికి (స్ట్రెయిట్ మధ్యలో ఒక్క ముక్క కావాల్సిన ఆ తొమ్మిది, ఏడు వాడికి) అది చాలదు. ఎనిమిదుల జత ఉన్నవాడికి పనికొచ్చే ముక్కలు ఐదు కాబట్టి 8.4 రెట్లు కావాలి, అతనికీ చాలదు. అయినా కట్టారంటే ఆ తప్పు మీకే లాభం. ఫ్లాప్‌లో ఒకే రంగు ముక్కలు రెండు పడి, ఎవరికైనా ఫ్లష్ డ్రా (ఫ్లష్, అంటే ఒకే రంగు ఐదు ముక్కలు, కావడానికి ఒక్కటే తక్కువ) ఉంటే మాత్రం వాడు కదలడు. వాడికి 4.2 రెట్లు చాలు. వాడి చేత డబ్బు కట్టించడం వరకే మీరు చెయ్యగలిగింది.

రైజ్ చేసినతను బటన్ మీద కాకుండా మీ ఎడమ పక్కనే ఉంటే కథ తిరగబడుతుంది. మీరు చెక్ చేస్తే అతను 4 వేస్తాడు, మిగతా ముగ్గురూ నాలుగేసి కట్టేస్తారు, ఆ తర్వాత మీకొస్తుంది. అప్పుడు రైజ్ చేస్తే పాట్ 64 అయ్యుంటుంది, ఒక్కొక్కరూ ఇంకో 4 కడితే చాలు. ఎవరూ వెళ్లరు. కాబట్టి అక్కడ మీరే ముందు పందెం వెయ్యండి. అతను రైజ్ చేస్తే మిగతావాళ్ల ముందు మళ్లీ అదే 52కి 8 వచ్చి పడుతుంది. ఒక్క మినహాయింపు: మీ దగ్గర ఐదుల జతో ఎనిమిదుల జతో ఉండి మూడు ఒకటే అయితే, జనం ఉండటమే మీకు కావాలి. అప్పుడు హాయిగా చెక్ చేసి, అందరూ కట్టాక రైజ్ చెయ్యండి.

చెక్ రైజ్‌లో పెద్ద ప్రమాదం, ఎవరూ పందెం వెయ్యకపోవడం. పాట్‌లో 40 డాలర్లుండగా నలుగురికి ఉచితంగా ఒక ముక్క చూపించినట్టే. రైజ్ చేసినతను ఆసు, రాణి పట్టుకుని, రాజు పడగానే వెనక్కి తగ్గే రకమైతే అతని మీద ఆశ పెట్టుకోకండి. అనుమానం ఉంటే మీరే వెయ్యండి.

ఇక పడెయ్యడం. ఇంట్లో రమ్మీ ఆడినవాళ్లకి తెలుసు, మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40. లిమిట్‌లో ఆ మధ్య డ్రాప్ లాంటిది టర్న్. అక్కడ కట్టేది 8 డాలర్లే అనిపిస్తుంది గానీ, కట్టినవాళ్లు రివర్ మీద ఇంకో 8 కూడా దాదాపు ఎప్పుడూ కడతారు. కాబట్టి 16కి లెక్క చూసుకోండి.

మీ దగ్గర కళావరు ఆసు, డైమండ్ ఆసు ఉన్నాయి. ఐదుగురితో పాట్ 40. ఫ్లాప్‌లో ఆఠీను జాకీ, ఆఠీను పది, కళావరు ఆరు. మీరు 4 వేస్తే ముగ్గురు కట్టారు, 56. టర్న్‌లో ఆఠీను తొమ్మిది పడింది. మీరు 8 వేశారు. పొద్దుట్నుంచీ కాల్ తప్ప వేరే మాట అనని మనిషి రైజ్ చేశాడు. అతని పక్కనున్నతను 16 ఒకేసారి కట్టాడు, ఇంకొకరు తప్పుకున్నారు. పాట్ 96, మీరు కట్టాల్సింది 8. పన్నెండు రెట్లు కనిపిస్తుంటే చెయ్యి ఆగదు. కానీ స్ట్రెయిట్ ఉన్నవాడి మీద మూడో ఆసు పడినా గెలవలేరు, ఫ్లష్ మీద అసలే గెలవలేరు. పడెయ్యండి.

అదే మీ రెండు ఆసుల్లో ఒకటి ఆఠీను అయ్యుంటే? మిగిలిన 46 ముక్కల్లో తొమ్మిది ఆఠీన్లు మీకు పెద్ద ఫ్లష్ ఇస్తాయి. కావాల్సింది 4.1 రెట్లు, దొరుకుతున్నది 12. సంతోషంగా కట్టాలి. అందుకే పడేసే ముందు మీ ముక్కల రంగు ఇంకోసారి చూసుకోండి.

రివర్ మీద సంగతి వేరు. పాట్‌లో 70 ఉండి 8 కట్టాలంటే, పదిసార్లలో ఒక్కసారి కన్నా కాస్త ఎక్కువ గెలిస్తే చాలు. తప్పుగా కాల్ చేస్తే పోయేది 8, తప్పుగా పడేస్తే పోయేది 70. ఒక్కడే ఎదురుగా ఉండి, వాడు అప్పుడప్పుడూ ఉత్తుత్తి పందేలు వేసే మనిషైతే మంచి జత ఉన్నా కట్టి చూడండి. ఇద్దరే మిగిలినప్పుడు ఆట చాలా వదులుగా ఉంటుంది, అంటే బలం తక్కువ ముక్కలతో కూడా కట్టొచ్చు. 2015లో అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు సెఫియస్ ప్రోగ్రాంతో దాదాపు పూర్తిగా తేల్చింది కూడా ఆ ఇద్దరి లిమిట్ ఆటనే. దాని లెక్కల్ని ఐదుగురు ఉన్న పాట్‌లో వాడకండి. అక్కడ ఒకరు రైజ్ చేసి, రెండోవాడు రెండు పందేలు కట్టి, ఇద్దరూ గంటల తరబడి ఉత్తుత్తి పందెం వెయ్యనివాళ్లైతే రివర్ మీద కూడా ఆసుల్ని వదిలెయ్యొచ్చు.