డ్రాయింగ్ ప్రింట్ తేడాగా వస్తోందా? ముందు పీడీఎఫ్ తీసి చూడండి

ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) గీసింది స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది, ప్లాట్ (అంటే ప్రింట్) తీశాక చూస్తే గోడ గీతలూ డైమెన్షన్ (కొలత) గీతలూ ఒకే మందంలో ఉంటాయి, లేదంటే కొన్ని గీతలు అసలు కనిపించవు, స్కేల్ పెట్టి కొలిస్తే లెక్క కుదరదు. సబ్మిషన్ టైమ్‌కి ఇలా జరిగితే టెన్షన్‌లో చాలామంది ముందు ప్రింటర్ మీద పడతారు. అలా చేయకండి. అదే షీట్‌ని ఆటోక్యాడ్ నుంచి పీడీఎఫ్‌గా తీసి, జూమ్ చేసి చూడండి. తప్పు పీడీఎఫ్‌లోనే ఉంటే అది ఫైల్‌లోనో ప్లాట్ సెట్టింగ్స్‌లోనో ఉన్నట్టు. పీడీఎఫ్ బాగుండి కాగితం మీదే తేడా వస్తేనే ప్రింటర్ సంగతి చూడాలి. ఈ ఒక్క అడుగుతో సగం వెతుకులాట తప్పుతుంది.

నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదం స్కేల్ తప్పడం, ఎందుకంటే అది చూస్తే తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. 5 మీటర్ల గోడ 1:100లో కాగితం మీద సరిగ్గా 50 మిల్లీమీటర్లు ఉండాలి. 48 వచ్చిందనుకోండి, ఎక్కడో 96 శాతానికి కుదించి ప్రింట్ అయింది. ప్లాట్ విండోలో ‘ఫిట్ టు పేపర్’ టిక్ తీసేయండి, లేఅవుట్ (ప్రింట్ కోసం షీట్‌ని అమర్చుకునే పేజీ) నుంచి తీస్తుంటే ప్లాట్ స్కేల్ 1:1 పెట్టండి, 1:100 అనేది వ్యూపోర్ట్‌కి (ఆ పేజీలో డ్రాయింగ్ కనిపించే కిటికీ) ఇచ్చి దాన్ని లాక్ చేయండి. ఇదంతా సరిగ్గా చేసినవాళ్లు కూడా చివర్లో పీడీఎఫ్ రీడర్ దగ్గర దొరికిపోతారు: అక్కడా ‘ఫిట్’ ఉంటుంది, దాన్ని ‘యాక్చువల్ సైజ్’కి మార్చాలి. ఏ1 షీట్‌ని ఏ3 మీద తీస్తే కొలతలు సగమవుతాయి, 1:100 కాస్తా 1:200 అవుతుంది. అలా తీసిన కాపీ మీద ఆ మాట రాసిపెట్టండి, సైట్‌లో ఎవరో ఒకరు దాని మీదే స్కేల్ పెట్టి కొలుస్తారు.

ఇక రంగుల గొడవ. అన్నీ నలుపులో రావాలని మోనోక్రోమ్ సీటీబీ (ఏ రంగు గీత ఎలా ప్రింట్ కావాలో చెప్పే ఫైల్) పెట్టాను, అయినా మెట్ల గీతలు మాత్రం ఎర్రగా వచ్చాయి, అదీ ఒక్క షీట్‌లోనే. చాలాసేపు సీటీబీనే తిరగేశాను. తీరా ఆ గీతల్ని సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే వాటికి ట్రూ కలర్ ఇచ్చి ఉంది. సీటీబీ పట్టించుకునేది 1 నుంచి 255 వరకు నంబర్లున్న ఇండెక్స్ రంగుల్నే, ట్రూ కలర్ (ఆ నంబర్లు కాకుండా ఆర్‌జీబీ విలువలతో ఇచ్చే రంగు) ఇస్తే అది ఆ రంగులోనే ప్రింట్ అవుతుంది. కలర్‌ని ‘బైలేయర్’కి (గీత ఏ లేయర్‌లో, అంటే ఏ పొరలో ఉందో దాని రంగే తీసుకోమనడం) మార్చి, ఆ లేయర్‌కి కూడా ఇండెక్స్ రంగే ఉందో లేదో చూసుకోండి. గీతలన్నీ ఒకే మందంలో వస్తుంటే మాత్రం సీటీబీ అసలు సెలెక్ట్ అయిందా, లైన్‌వెయిట్స్ (గీతల మందాలు) ప్లాట్ చేసే టిక్ ఉందా అన్నది చూడాలి.

కొన్ని గీతలు అసలు రాకపోతే లేయర్ మేనేజర్‌లో ప్రింటర్ గుర్తు దగ్గర చూడండి, అది ఆఫ్‌లో ఉంటే ఆ లేయర్ ప్రింట్ కాదు. డెఫ్‌పాయింట్స్ (డైమెన్షన్లు ఇస్తే ఆటోక్యాడ్ తనంతట తనే తయారుచేసుకునే లేయర్) ఎప్పటికీ ప్రింట్ కాదు, పొరపాటున దాని మీద గీసిన గోడ స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. వ్యూపోర్ట్ చుట్టూ అక్కర్లేని పెట్టె ప్రింట్ అవుతుంటే ఆ ఫ్రేమ్‌ని ఇలాంటి నో-ప్లాట్ లేయర్‌లోకి మార్చేస్తే సరి.

డాష్ గీతలు లేఅవుట్‌లో నిండు గీతల్లా కనిపిస్తే డాష్‌ల సైజుని నడిపించే రెండు సెట్టింగ్స్‌లో పీఎస్ఎల్‌టీస్కేల్‌ని 1 చేసి, ఎల్‌టీస్కేల్ కూడా 1 దగ్గర మొదలుపెట్టి, రీజెన్‌ఆల్ (డ్రాయింగ్‌ని స్క్రీన్ మీద మళ్లీ గీయించే కమాండ్) కొట్టి చూడండి.

పీడీఎఫ్‌లో ఏ లోపమూ లేకుండా కాగితం మీద మాత్రం హ్యాచ్ (లోపల నింపే గీతల డిజైన్) పోవడమో అక్షరాలు చెదరడమో జరిగితే, అక్రోబాట్ ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ పెట్టండి. కాస్త ఆలస్యమవుతుంది, కానీ చాలాసార్లు పని జరిగిపోతుంది. టైటిల్ బ్లాక్ (షీట్ మీద ప్రాజెక్ట్ వివరాలుండే పెట్టె) అంచు తెగిపోతుంటే అది ప్రింటర్ వదిలే మార్జిన్, బోర్డర్‌ని కొంచెం లోపలికి జరపండి, స్కేల్ జోలికి మాత్రం వెళ్లకండి.