వాతావరణం పోటీకి వెళ్తున్నారా? ముందు కొబ్బరిచెట్టు లేని చోటు వెతకండి

సైన్సు పోటీకి వాతావరణం అంశం అనగానే పిల్లలు థర్మాకోల్ కొనడానికి పరిగెడతారు. అమలాపురం దగ్గర బడిలో ఫిజికల్ సైన్సు చెప్పే నేనూ ఒక ఏడు అలాగే కొనిపించాను. తుఫాను నమూనా గిరగిరా తిరిగింది, లైట్లు వెలిగాయి. జడ్జిగారు అడిగింది ఒక్కటే: "మీ ఊళ్లో నిన్న ఎంత వాన పడిందమ్మా?" పిల్ల నా మొహం చూసింది, నేను నేల చూశాను. అప్పట్నుంచి పోటీకి రెండు నెలల ముందే గరాటు, సీసా, నోటుబుక్కు.

గరాటూ సీసా ఇంట్లోవే. కోనసీమలో చిక్కంతా వాటిని పెట్టే చోటుతోనే. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరమైనా ఉండాలి. అంటే ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టుకి నలభై మీటర్లు! మా బడి ఆవరణలో అంత ఖాళీ ఎక్కడిది? మొదటి ఏడు చెట్ల పక్కనే పెడితే, వాన వెలిశాక కూడా మట్టల మీంచి కారిన నీళ్లు సీసాలో చేరాయి. చివరికి ఒక పిల్లాడు వాళ్ల చేలో కళ్లం చూపించాడు.

లెక్క ఇదీ. గరాటు మూతి అడ్డకొలత 12 సెంటీమీటర్లయితే వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. సీసాలో 113 మిల్లీలీటర్లు చేరితే 10 మిల్లీమీటర్ల వాన పడినట్టు. సీసా వెడల్పుతో పనిలేదు. పిల్లలు తప్పేది ఇక్కడే. కొలిచేది రోజూ ఉదయం 8:30కి, ఎందుకంటే వాతావరణ శాఖ కూడా 24 గంటల వానని ఆ వేళకే లెక్కకడుతుంది. కొలవని రోజు గడి ఖాళీగా వదిలేయండి, సున్నా వేయకండి. సున్నా అంటే వాన పడలేదని. ఖాళీ అంటే మనం చూడలేదని.

తేమకి రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి పల్చటి పాత పంచె ముక్క చుట్టి, కొస నీళ్లలో ముంచాలి. మా వైపు బోరునీళ్లు ఉప్పన, గుడ్డ అట్టకట్టేస్తుంది. వాననీళ్లు పట్టి ఉంచుకోండి. పొడిది 32, తడిది 28 డిగ్రీలు చూపిస్తే తేమ దాదాపు 73 శాతం.

తుఫాను పట్టిక బట్టీ కొట్టక తప్పదు: గాలి గంటకు 62 కిలోమీటర్లయితే తుఫాను, 89 అయితే తీవ్ర తుఫాను, అలా 222 దాకా. దానికో పూట చాలు. మిగతా రోజులు గాలి దిక్కు మీద పెట్టండి. మన ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అందుకని గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కన్ను, అంటే గాలి సద్దుమణిగి ఉండే నడిమి చోటు, ఇంచుమించు ఎడమచేతి వైపు ఉంటుంది. కన్ను మనకి దక్షిణాన తీరం దాటిందా, గాలి సముద్రాన్ని మన మీదికి తోస్తుంది, ఉప్పెన వస్తుంది. ఉత్తరాన దాటితే గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది.

కోనసీమని తుఫాను కొట్టిన 1996 నవంబరు 6 రాత్రి నేను ఏడో తరగతి పిల్లని. ఇప్పుడు మా పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రమ్మంటాను: ఆ రాత్రి మన చెట్ల తలలు ఎటు పడ్డాయి? ఊరి పటం మీద ఆ దిక్కుకి బాణాలు గీసి, బాణం వైపు తిరిగి నిలబడి ఎడమచెయ్యి చాపమంటాను, కన్ను ఇంచుమించు అటే. 'సైక్లోన్' అన్న మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కూడా ఓడల దినచర్య పుస్తకాల్లోని గాలి దిక్కులు కూర్చుకునే తుఫానుల దారి తేల్చాడు. మన కోరంగిని ముంచిన 1789 ఉప్పెన గురించి రాసిందీ ఆయనే. ఒక పిల్ల వచ్చి, "మా నానమ్మకి చాదస్తం మేడం, గాలి ఆగిపోయిందంట, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొట్టిందంట" అంది. చాదస్తం కాదే, కన్ను మీ ఇంటి మీంచే పోయిందేమో, అదే మొదటి పేజీలో రాయి అన్నాను.

పోటీలో జడ్జిగారు ఆ పిల్ల నోటుబుక్కు తిరగేసి ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టారు. "ఆ రోజు మా అక్క పెళ్లండి" అంది. ఆయన నవ్వి పేజీ తిప్పారు.