కర్ఫ్యూ రోజుల్లో సరుకులకు పోయేటప్పుడు ముందు చీటీ సరిగ్గా రాయండి

2021 మే 5 నుంచి కరోనా వల్ల మన ఆంధ్రప్రదేశ్‌లో పగటి కర్ఫ్యూ పెట్టినప్పుడు అంగళ్లు పొద్దున 6 నుంచి 12 వరకే. అప్పుడు నేను కర్నూలు పాతబస్తీలో ఒక కిరాణా అంగట్లో సరుకులు కట్టేవాణ్ణి. రోజంతా సాగే బేరం ఆరు గంటల్లో మీద పడితే ఎట్లుంటుందో చూసినాను కాబట్టి చెబుతున్నా, మళ్లీ అట్లాంటి రోజులొస్తే ఇట్లా చేయండి.

చీటీ ఇంట్లోనే కూర్చుని, తూకంతో సహా రాయండి. ఉత్త "కందిబేళ్లు, బియ్యం, నూనె" అని రాసిస్తే ఎన్ని కిలోలో నేను అడగాలి, మాస్కులోంచి నా మాట మీకు వినపడదు, మీరు "ఏందన్నా?" అంటూ ముందుకొస్తారు, ఇద్దరిలో ఎవరో ఒకరు మాస్కు కిందికి లాగుతారు. రోజుకు ఎన్నిసార్లు జరిగేదో లెక్కలేదు. కరోనా ఎక్కువగా అంటుకునేది ఆ గాలిలోనే, నూనె ప్యాకెట్ మీద కాదు. అదే "కందిబేళ్లు 2 కిలోలు, సోనామసూరి పాత బియ్యం 25 కిలోల మూట 1, శనక్కాయ నూనె 3 ప్యాకెట్లు, లేకుంటే పొద్దుతిరుగుడు" అని ఉంటే ఒక్క మాట లేకుండా పనైపోతుంది. ముందురోజే వాట్సాప్‌లో పంపితే ఇంకా మేలు, షట్టర్ దించినాక మేం లోపల కట్టి పేరు రాసి పెడతాం, మీరొచ్చి తీసుకుపోవడమే.

ఇంటికి ఒక్కరే రండి. పదకొండున్నరకు మాత్రం రావద్దు, ఊరంతా అప్పుడే వస్తుంది.

పది పదిహేను రోజులకు సరిపడా తీసుకోండి, అంతకుమించి వద్దు. ఒకాయన పది ప్యాకెట్ల నూనె ఎత్తుకుపోతే తర్వాత వచ్చినామెకు ఒక్కటీ మిగల్లేదు, ఆమె తిట్లు తిన్నది మేము. లేని సరుకుకు, పెరిగిన ధరకు కట్టేవాణ్ణి అరవొద్దు, ధర మా చేతిలో ఉండదు.

మాకు పని 12కు అయిపోయేది కాదు. లోడు దించుకుని, మూటలు విప్పి కిలో, అరకిలో పొట్లాలు కట్టేసరికి మూడయ్యేది, అప్పటికి ఆటోలుండవు, దారిలో పోలీసులు ఆపితే ఓనరు రాసిచ్చిన కాగితం చూపించుకుంటూ నడిచి పోవాలి. మాస్కు తీయాల్సి వస్తుందని, బాత్రూం లేదని పొద్దున్నుంచి నీళ్లు తాగేవాళ్లం కాదు. సానిటైజర్‌కు వేళ్ల సందులు పగిలి ఉండేవి, ఆ చేతులతోనే మిరపపొడి తూకం వేయాలి. ఆ మంట రాత్రికి కూడా తగ్గేది కాదు. మీరు అంగట్లో సానిటైజర్ అడగకుండా ఇంటికి పోయి సబ్బుతో 20 సెకన్లు కడుక్కుంటే చాలు.

డబ్బులు ఫోన్‌లో కొట్టండి, నోట్లయితే చిల్లరతో సహా సరిగ్గా ఇవ్వండి, వేలు ఉమ్ముతో తడిపి లెక్కపెట్టొద్దు.

ఇంకొకటి, ఇది చాలామంది చేయరు. అంగడికి వచ్చిపోయినాక రెండు మూడు రోజుల్లో మీకు జ్వరమొచ్చి టెస్టులో పాజిటివ్ అని తేలితే సిగ్గుపడకుండా అంగడికి ఫోన్ చేసి చెప్పండి. మా అమ్మకు షుగరు. అట్లాంటి ఫోన్ ఒకటి వచ్చిన రోజు నేను ఇంట్లోకి పోకుండా మిద్దె మీద పడుకున్నాను.